గ్రీజు కాదు, ఆయిల్

మా పెదనాన్న పోయాక ఆయన వస్తువుల్లో నా వంతుకి రెండు వచ్చాయి. ఒకటి రాబర్ట్ పర్సిగ్ రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ పుస్తకం. రెండోది రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు. పుస్తకం మదనపల్లె ఇంట్లో బీరువాలో ఉండింది. కారు పుంగనూరులో, పెద్దమ్మ పుట్టింటి పశువుల కొట్టంలో, టార్పాలిన్ కింద ఉండింది. పుస్తకాన్ని ఎవరూ అడగలేదు. కారుని తూకానికి అమ్మేద్దామన్నారు. నేనే ఆపాను.

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో పాత కారు బాగు చేసుకోవడం ఇప్పుడొక ముచ్చట. నాదీ అదే అనుకోండి. కానీ ఈ రెండేళ్ళలో కారు బాగవుతున్న కొద్దీ ఆ పుస్తకం మీద నా అభిప్రాయం మారుతూ వచ్చింది. ఇది పుస్తకం మీద వ్యాసమే. మధ్యలో కారు గురించి ఎక్కువ రాస్తే ఓర్చుకోండి. కారు లేకపోతే ఆ పుస్తకాన్ని నేను సరిగ్గా చదివేవాణ్ణి కాదు.

ముందు కారు. ట్రయంఫ్ హెరాల్డ్ ఇంగ్లండ్‌లో 1959లో వచ్చింది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోత్తి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో దాన్ని ఇక్కడ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. అప్పట్లో మన రోడ్ల మీద ముఖ్యంగా కనబడేవి అంబాసిడర్, ఫియట్, ఇది. మూడింట్లో రెండు తలుపులున్నది ఇదొక్కటే. నాలుగు తలుపులు తర్వాత, మార్క్ 3లో వచ్చాయి. లైసెన్సుల కాలంలో స్పోర్ట్స్ కూపే అనేది మనకి దాదాపు లేని వస్తువు. హెరాల్డ్ కూడా కూపే కాదు, సంసారపక్షం కారే. కానీ ఈ చాసీ వంశంలోనే ఇంగ్లండ్‌లో 1962లో స్పిట్‌ఫైర్, 1966లో జీటీ6 కూపే పుట్టాయి. ఆ చుట్టరికం పట్టుకుని పెదనాన్న దీన్ని ‘స్పోర్ట్స్ కారు’ అనే చెప్పేవాడు. 948 సీసీ ఇంజన్‌కి అది కాస్త పెద్ద మాట.

బాడీ, చాసీ కలిపి ఒకటే పెట్టెగా చేసే పద్ధతి వచ్చేసిన రోజుల్లో కూడా హెరాల్డ్‌కి విడి చాసీ ఉండేది. బాడీ ముక్కలు దాని మీద బోల్టులతో బిగించి ఉంటాయి. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి వాలిపోతుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. నాలుగు గేర్లు. ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా సెకండ్ నుంచి ఫస్ట్‌కి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, ఒకసారి రేజ్ చేసి, మళ్ళీ క్లచ్ తొక్కి వెయ్యాలి. లేకపోతే పళ్ళు కొరుకుతుంది. నడిపేవాడికి లోపల ఏం జరుగుతోందో కొంతైనా తెలియాలి. రా, తెరిచి చూడు అని పిలిచే బండి ఇది. పర్సిగ్‌ని చదివినవాడి చేతిలో ఇట్లాంటి బండి పడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

1974లో వచ్చిన ఆ పుస్తకంలో తండ్రీకొడుకులు మోటార్‌సైకిల్ మీద మినెసోటా నుంచి కాలిఫోర్నియాకి పోతారు. దారి పొడుగునా తండ్రి మనతో మాట్లాడుతూనే ఉంటాడు: ‘క్వాలిటీ’ అంటే ఏమిటి, యంత్రం అంటే మనకెందుకు భయం, బిగుసుకుపోయిన ఒక స్క్రూ ముందు మనిషి బుర్ర ఎందుకు ఆగిపోతుంది. వెంట వచ్చిన స్నేహితుడు జాన్‌కి బీఎండబ్ల్యూ బండి ఉంది. నడుపుతాడు గానీ దాని లోపలికి పోడు. హ్యాండిల్ జారుతోందంటే కథకుడు బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడతానంటాడు. జాన్‌కి అవమానమైపోతుంది. రేకు మందం సరిపోతుంది, మెత్తగా ఉంటుంది, తుప్పు పట్టదు. అయినా జాన్‌కి అందులో బీరు డబ్బాయే కనిపిస్తుంది. ఈ ఒక్క సన్నివేశం కోసం ఈ పుస్తకాన్ని ఎవరినైనా చదవమంటాను. మన ఊళ్ళ షెడ్లన్నీ ఆ బీరు డబ్బా రేకు మీదే కదా నడిచేది.

పెదనాన్న ప్రతిలో ఎర్ర పెన్సిల్ గీతలు ఎక్కువున్నది మాత్రం అక్కడ కాదు. మొదట్లో ఒకచోట కథకుడు తన బండిని షాపుకిస్తాడు. రేడియో పెట్టుకుని, నవ్వుకుంటూ, ధ్యాస లేకుండా పనిచేసే కుర్రాళ్ళు దాన్ని ఇంకా పాడు చేస్తారు. అసలు లోపం ఒక చిన్న పిన్ను విరగడమని తర్వాత ఆయనే కనిపెడతాడు. ఇక తన బండి పని తనే చూసుకుంటాడు. ఆ పేజీల పక్కన పెదనాన్న పైనుంచి కిందికి నిలువుగీత కొట్టి 1989 అని వేశాడు. అంతకు ముందు ఏడాదే మద్రాసు కంపెనీ మూతపడింది. సామాన్లు దొరకడం కష్టమైపోయింది. ఆ ఏడాదే ఆయన ఒక నోటుపుస్తకం కొని అట్ట మీద ‘హెరాల్డ్: స్వయం నిర్వహణ’ అని రాసుకున్నాడు.

ఆ నోటుపుస్తకమూ నాకు దొరికింది. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాడు. ఆయిల్ మార్చిన తేదీలు, ప్లగ్గుల గ్యాపు, టాపెట్ల క్లియరెన్సు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ప్రతి మూడు నెలలకీ ఒక వాక్యం మారకుండా వస్తుంది: ‘గ్రీజు. ముందు చక్రాలు, అన్ని నిపుల్సు.’ మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ వాక్యంలో శ్రద్ధే కనిపించింది.

1994లో నాకు ఏడేళ్ళు. మదనపల్లెలో మా సందులోంచి మెయిన్ రోడ్డుకి తిప్పుతుండగా ముందు ఎడమ చక్రం లోపలికి మడుచుకుపోయింది. స్పీడు లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వెనక సీట్లో పెద్దమ్మ, నేను. ముందు సీటు వంచితే గానీ దిగడానికి లేదు. బండి ఒరిగి ఉండడంతో ఆ సీటు పట్టేసింది. అట్లా కూర్చునే ఉన్నాం. పెదనాన్న దిగి, చక్రం చూసి, అన్న మొదటి మాట: “వాడు సరిగ్గా బిగించలా.”

వాడంటే అంతకు ముందు ఏడాది ముందు సస్పెన్షన్ పని చేసిన మెకానిక్. అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అట్లాగే రాస్తాను. పెదనాన్న అన్న మాట కాలేజీ దాటి ఊళ్ళోకి పాకింది. లెక్చరరు చెప్తే ఎవరు కాదంటారు? భాయ్ దగ్గరికి కార్లు పోవడం తగ్గింది. ఆయన కొన్నేళ్ళు ఆటోల మీద బతికాడు. పెదనాన్న ఆ వీధిలోంచి నడవడమే మానేశాడు. బాగు చేయించకుండానే బండిని లారీ మీద పుంగనూరు పంపించేశాడు.

నేను భాయ్ షెడ్డుకి పోయినప్పుడు ఆయనకి డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఎవరి తాలూకో చెప్పుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “హెరాల్డా సార్? దానికి ఇంచీ పానాలు కావల్ల” అని లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన సెట్టు ఒకటి తెచ్చాడు. ఇప్పుడన్నీ మిల్లీమీటర్ల బండ్లు. ఆ పానాలతో ఎన్నేళ్ళుగానో పని లేదు. అయినా ఒక్కదానికీ తుప్పు లేదు. ఆయిల్ పూసి దాచిపెట్టాడు.

పుంగనూరు కొట్టంలో చక్రం ఊడదీసినప్పుడు సంగతి బయటపడింది. హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసే ఉక్కు ముక్క కింది కొస మరలా ఉంటుంది. అది ఒక కంచు ముక్కలోకి దిగుతుంది. దాని పేరు ట్రన్నియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు మర ఆ కంచులో తిరుగుతుంది. దానికి గేరాయిల్ పెట్టాలి. గ్రీజు పెడితే కొన్నాళ్ళకి గట్టిపడి దారి మూసుకుపోతుంది. మరల దాకా ఏమీ అందదు. నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. చివరికి ఒకరోజు, ఎక్కువగా నెమ్మదిగా మలుపు తిప్పుతున్నప్పుడే, ఉక్కు విరుగుతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ పెట్టుకున్నవాళ్ళు ఏ దేశంలోనైనా మొదట నేర్చుకునే పాఠం ఇదేనట. నేను మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.

భాయ్ విరిగిన కొసని గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అప్పటిదాకా సార్ అంటున్నవాడు పిలుపు మార్చేశాడు. “గ్రీజబ్బా. ఎండి రాయైపోయిండాది చూడు. మీ పెదనాయనకి చెప్పినా నేను. దీనికి గ్రీజు వద్దు సార్, గేరాయిలు పెట్టల్ల అని. ఆయన నవ్వినాడు. ఆయిలు కారిపోతాది, గ్రీజు నిలబడతాది, ఇది లాజిక్ గదా అన్నాడు. సదువుకున్నాయన. నేనేం జెప్పేది?”

నోటుపుస్తకం నా బ్యాగులోనే ఉంది. ఆ రోజు తియ్యలేకపోయాను.

పెదనాన్న పర్సిగ్‌ని తప్పుగా చదివాడని తేల్చేయడం సులువు. యంత్రం ముందు ఉత్సాహాన్ని చంపేసే ఉచ్చుల్లో అహంకారాన్ని కూడా పర్సిగ్ లెక్కపెట్టాడు. నీకెంత తెలుసని నువ్వనుకున్నా బండికి లెక్కలేదని ఆయనకి తెలుసు. కానీ పుస్తకం చెప్పే మాట ఒకటి, నడిచే తీరు ఇంకొకటి. అందులో మెకానిక్కులు మనకి మొదట కనిపించేది ధ్యాస లేని కుర్రాళ్ళుగా. తర్వాత ఒక ఊళ్ళో ముసలి వెల్డరు వస్తాడు, అద్భుతంగా అతుకుతాడు. కథకుడు మెచ్చుకుంటే ఆయనకి ఎట్లా తీసుకోవాలో తెలియదు. మెచ్చుకోదగ్గవాడే గానీ, కూర్చుని అడిగి నేర్చుకోదగ్గవాడుగా ఆ కథలో ఆయనకి చోటు లేదు. బండి గురించిన ఆలోచనంతా ఒకే తలకాయలో, హెల్మెట్ లోపల జరుగుతుంది. ఆ తలకాయ ఎంత గొప్పదైనా ‘దీనికి గ్రీజు వద్దు సార్’ అనే గొంతు అందులో వినబడదు. ఇది పాఠకుడి పొరపాటు మాత్రమే కాదు. పుస్తకం అల్లికలోనే ఆ ఖాళీ ఉంది. పెదనాన్న ఆ ఖాళీలో పడ్డాడు.

మాథ్యూ క్రాఫర్డ్ 2009లో రాసిన ‘షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్’ ఈ విషయంలో మెరుగు. షికాగో యూనివర్సిటీలో రాజకీయ తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, వాషింగ్టన్‌లో ఒక మేధో సంస్థ ఉద్యోగం కొన్ని నెలలకే వదిలేసి, రిచ్‌మండ్‌లో మోటార్‌సైకిళ్ళు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు ఆయన. నేర్పినవాళ్ళకి పుస్తకంలో చోటిచ్చాడు. వస్తువు మన ఇష్టాయిష్టాలకి లొంగదు కాబట్టే దాని ముందు మనిషి వినయం నేర్చుకుంటాడని వాదిస్తాడు. నాకు నచ్చిన వాదన. కానీ క్రాఫర్డ్ షాపులోకి వచ్చింది ఒక ఉద్యోగం కాదనుకుని. భాయ్ పదకొండో ఏట, తండ్రి పోయాక, పానాలు అందించే చిన్నోడిగా షెడ్డులో చేరాడు. కాదనుకోవడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. కొడుకుని ఈ పనిలోకి రానివ్వలేదు. “వాని చేతులన్నా తెల్లగా ఉండనీ” అంటాడు. చేతిపని గొప్పదని చెప్పే పుస్తకం ఈ మాటకి జవాబు చెప్పాలి. పర్సిగ్ చెప్పడు. క్రాఫర్డ్ కూడా పూర్తిగా చెప్పడు. నేను చెప్పగలనా? నా చేతులకి గ్రీజంటితే ఫొటో తీసుకుంటాను. ఆయన చేతులకంటితే అన్నం తినబోయే ముందు కిరోసిన్‌తో రుద్దుకుంటాడు.

మదనపల్లె గురించి ఎవరు రాసినా టాగూరు, కృష్ణమూర్తి, టమోటాలు దాటి పోరు. నేనూ దాటలేకపోతున్నాను. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టాడు. మేరీ లుటియన్స్ రాసిన జీవితచరిత్రలో ఒక సంగతి ఉంది. చిన్నప్పుడు తండ్రి గడియారాన్ని ముక్కలుగా ఊడదీసి, మళ్ళీ బిగించేదాకా బడికీ పోలేదట, అన్నమూ తినలేదట. పెద్దయ్యాక ఆయన పదే పదే చెప్పినదాంట్లో ఒకటి, కారు నడపడానికి జ్ఞాపకం, జ్ఞానం కావాలి. కానీ మనుషుల మధ్యకొచ్చేసరికి ఎదుటివాడి గురించి మనసులో కట్టుకున్న బొమ్మే వాణ్ణి చూడనివ్వదు అని. పెదనాన్న బీరువాలో కృష్ణమూర్తి పుస్తకాలు ఐదారున్నాయి. వాటిలో ఒక్క గీతా లేదు. ఆయన కారు చెడింది ఒక నిపుల్ దగ్గర. మనిషితో చెడింది ‘వాడు’ అన్న మాట దగ్గర.

ఇక బాగుచెయ్యడం గురించి. మనకి దీనికి మూడు మాటలున్నాయి. గుడికైతే జీర్ణోద్ధరణ. గ్రంథానికైతే పరిష్కరణ. బండికైతే మరమ్మతు. మొదటి రెండిటికీ గౌరవం ఉంది, మూడోది షెడ్డులో మిగిలిపోయింది. నేను మొదట చెయ్యాలనుకున్నది పరిష్కరణ. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితుల్ని పెట్టి, ప్రతులు సేకరించి సరిచూయించాడు. ఆయన వేమన 1829లో అచ్చయింది. అట్లా నేనూ నా కారు ‘అసలు పాఠం’ తేల్చాలనుకున్నాను. ప్రక్షిప్తాల జాబితా కూడా రాశాను: వైపర్ మోటారు వేరే బండిది, అద్దం ఆటోది, సీట్ల రెక్సిన్ బస్సు సీట్లు కుట్టేవాడు వేసింది, కుడి తలుపు కింద పెదనాన్న బ్రష్షుతో వేసిన రంగు. ఇంగ్లండ్ నుంచి తెప్పించాల్సినవాటికి ధరలూ వేశాను. భాయ్ అంతా విని, “ఇవన్నీ పీకేస్తే నీకేం మిగుల్తాది, ఇంకెవురి కారో” అన్నాడు.

ప్రక్షిప్తం అని పండితుడు కొట్టేసే పద్యం కూడా ఎవరో ఒకరు ఆ కవిని తమ నోట్లో పెట్టుకుని బతికిన గుర్తే. గ్రంథంలో దాన్ని విడదీసి చూపించాల్సిందే, కాదనను. కారులో మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రాణం ఆధారపడేవి, అంటే బ్రేకులు, స్టీరింగు, ముందు సస్పెన్షను, వైరింగు, మాన్యువల్ ప్రకారం. మిగతావి ఉన్నవి ఉన్నట్టు. పుంగనూరు కొట్టంలో పని చేస్తుంటే ఈ తేడా ఇంకా తెలిసింది. ఆ ఊరి పేరున్న పొట్టి ఆవు జాతి దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చి, పలమనేరు పరిశోధనా కేంద్రంలాంటి చోట్ల నిలబడింది. ఇప్పుడు దాన్ని ముచ్చటకి ఇంట్లో పెంచుకుంటున్నారు. ఒకప్పుడది కొద్ది మేతతో పాలిచ్చే పేద రైతు పశువు. మా కొట్టంలో కారు పక్కన కట్టేసింది మాత్రం సంకరజాతి ఆవు. పాలు బాగా ఇస్తుంది.

విరిగిన ఉక్కు ముక్కలకి కొత్తవి ఇంగ్లండ్ నుంచే తెప్పించాం. ట్రన్నియన్లు మాత్రం కుప్పంలో తీయించాం. పలమనేరు, వి.కోట మీదుగా పోయి, భాయ్‌కి తెలిసిన ఒక లేత్ షాపులో గన్‌మెటల్ ఇచ్చాం. ఆ టర్నరు తమిళం, తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో కలిపేస్తాడు. కుడి చక్రానికి కుడి మర, ఎడమ చక్రానికి ఎడమ మర ఉండాలి. మొదటిసారి రెండూ కుడి మరే కోశాడు. భాయ్ దాన్ని చేతిలో తిప్పి చూసి, ఏమీ అనకుండా, మెడలో తువ్వాలు తీసి అటొక మెలి, ఇటొక మెలి తిప్పి చూపించాడు. టర్నరు నవ్వి మళ్ళీ కొత్త ముక్క బిగించాడు. అదే నేను మెయిల్లో రాసుంటే రెండు పేజీలయ్యేది.

అక్కడ విన్న మాటలు రాసుకున్నాను: ఇంజన్ ‘మిస్సింగ్’ కొట్టడం, ‘పికప్’ లేకపోవడం, కమాన్ కట్టలు, లప్పం, టింకరింగ్. పొడుగు స్క్రూడ్రైవరు కొస ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగు అరుస్తోందో చెప్తాడు భాయ్. మన భాషావేత్తలు ఇట్లాంటి పని ఒకప్పుడు చేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. కథల్లో మా చిత్తూరు సేద్యానికి నామిని ‘మునికన్నడి సేద్యం’ ఉంది. నాగలికి, మగ్గానికి దొరికిన చెవి పానాకి దొరకలేదనిపిస్తుంది. బహుశా ఈ మాటల్లో సగం ఇంగ్లీషువి, పావు ఉర్దూవి కావడం వల్ల మనం వాటిని తెలుగనుకోలేదేమో. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఆ లేత్ షాపులో ఒక్క పూట కూర్చుంటే ఒక పరిశోధనకి సరిపడా సరుకు దొరుకుతుంది.

బండి కదిలిన రోజు భాయ్‌ని పుంగనూరు తీసుకొచ్చాను. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. నేను నోటుపుస్తకం తీసి ఆ వాక్యం పైకి చదివాను. తేదీలు కూడా చదివాను. 1994 దాకా పదహారుసార్లుంది.

భాయ్ గ్లాసు కింద పెట్టి, “ఆయన తప్పేం లేదమ్మా. కంపినీ మూసేసినారు, చెప్పేవాళ్ళు యాడుండారు ఆ పొద్దు?” అన్నాడు. చెప్పింది తనే. ఆ మాట కొట్టంలో నాతో అన్నాడు కూడా.

పెద్దమ్మ తల ఎత్తలేదు. “నువ్వు చెప్పినావు భాయ్. ఆ పొద్దు నేను వాకిట్లోనే ఉండా. చక్రం విరిగినప్పుడే నాకు తెలుసు. ఆయన్ని కాదని ఎట్ల చెప్పేది అనుకున్యా” అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆమె కారెక్కుతానంది. ఈసారి ముందు సీట్లో.

పర్సిగ్ పుస్తకాన్ని నేను ఇప్పటికీ మంచి పుస్తకమనే అంటాను. బీరు డబ్బా రేకు కోసం, బిగుసుకున్న స్క్రూ కోసం, ఆ తండ్రీకొడుకుల మధ్య మాటల్లోకి రాని దుఃఖం కోసం చదవండి. చదివాక మీ ఊళ్ళో షెడ్డుకి పోయి, ఒక గంట, మీకు తెలిసిందేదీ చెప్పకుండా కూర్చోండి. ఆ అధ్యాయం పుస్తకంలో లేదు.

నోటుపుస్తకంలో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. పెదనాన్న గీసుకున్న గడులు మూడు: తేదీ, చేసిన పని, ఖర్చు. నాలుగోది నేను గీశాను: చెప్పినదెవరు. మొదటి వరసలో ‘ట్రన్నియన్లు, గేరాయిల్ 90’ అని రాసి, చివరి గడిలో భాయ్ పేరు పూర్తిగా రాశాను. ఆయన్నే అడిగి, అక్షరాలు సరిచూసుకుని.